ఒకే బండి మీద ఇద్దరల్లుళ్ళు

మోటారు సైకిలు మీద కొండలెక్కాలన్న కోరిక పెద్దల్లుడికి పుట్టుకతో వచ్చింది కాదు. ఒక ఆదివారం మామగారింట్లో భోజనాల దగ్గర, అత్తగారు రెండోసారి వడ్డించేలోపు పుట్టింది.

చిన్నల్లుడు ఏమీ కానట్టు, మంచినీళ్ళు తాగుతూ చెప్పాడు. "వచ్చే నెల నలుగురం కలిసి బళ్ళ మీద కొండల్లోకి వెళ్తున్నాం మావయ్యా. రోడ్డుండదు. ఆరు రోజులు."

మామగారు తినడం ఆపి "భేష్!" అన్నారు.

ఆ భేష్ పెద్దల్లుడి గొంతులో ముల్లులా దిగింది. పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళయింది. మామగారు తనని చాలా అన్నారు, వాటిలో భేష్ మాత్రం లేదు.

"నేనూ ఆ మధ్య నుంచీ అదే అనుకుంటున్నా" అన్నాడు పెద్దల్లుడు, తనకే వినపడనంత వేగంగా.

అందరూ ఆయన వంక చూశారు. ఆయనకి ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపుంది. పొద్దుట పదింటికి షట్టరు ఎత్తితే రాత్రి ఎనిమిదికి దించేదాకా స్టూలు దిగడు. ఊరందరికీ చూపు పంచే మనిషే గానీ సొంత చూపు మాత్రం సోడాబుడ్డి అద్దాల వెనకే. పొద్దున లేవగానే కళ్ళజోడు కోసం దిండు తడుముకుంటాడు, దొరికాకే భార్యని పలకరిస్తాడు. దొరక్కముందు పలకరిస్తే అది ఒక్కోసారి బీరువా అయ్యేది.

"మీకెందుకు బాబూ, అసలే నడుం నొప్పి" అన్నారు అత్తగారు ప్రేమగా. ప్రేమగా అన్నారు కాబట్టే ఆయనకి మరీ మండింది.

"రానివ్వండి అత్తయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "అన్నయ్యగారికి సగం దారిలో నడుం పట్టేస్తే నేను చూసుకుంటాగా."

అక్కడితో ఖాయమైపోయింది.

అక్కచెల్లెళ్ళు ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. వాళ్ళ మొగుళ్ళకి మాత్రం పదకొండేళ్ళుగా ఒకరి పొడ ఒకరికి గిట్టదు. పైకి మర్యాదకేం లోటు లేదు. చిన్నవాడు "అన్నయ్యగారూ" అంటాడు, పెద్దాయన "ఏం తమ్ముడూ" అంటాడు. ఆ గారులోనూ ఆ తమ్ముడులోనూ ఎంత విషముందో వాళ్ళిద్దరికే తెలుసు. ఒకరు ఫ్రిజ్ కొంటే రెండోవారు అంతకంటే జానెడు పొడుగుది కొన్నారు. ఒకరి ఇంట్లో గోడలకి రంగు మారితే నెల తిరక్కుండా రెండో ఇంటి గోడలూ మారాయి. చిన్నల్లుడు లిఫ్టుల మెకానిక్కు. ఎంత ఎత్తు మేడకైనా ఇనప తాళ్ళు పట్టుకుని చీకటి గొయ్యిలోకి దిగి పనిచేసి వస్తాడు. "ఎత్తంటే నాకు లెక్కే లేదు" అని ప్రతి పెళ్ళిలోనూ చెబుతాడు. అది విన్నప్పుడల్లా పెద్దల్లుడు కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

బయల్దేరిన రోజున అయిదు బళ్ళు వరసగా నిలబడ్డాయి. ముందు బండి పశువుల డాక్టరమ్మది. ఏ గొడ్డుకి జబ్బు చేసినా ఆ కొండ పల్లెలకి బండి మీదే వెళ్ళే మనిషి కాబట్టి ఈ గుంపుకి ఆవిడే పెద్ద. మనుషులతో కూడా గొడ్లతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది, తిడుతూ నిమురుతూ. ఆవిడ వెనక బేకరీ యజమాని, భారీ మనిషి, సంచుల నిండా సొంత రొట్టెలే. ఆయన వెనక లెక్కల మాస్టారు. చివర మన అల్లుళ్ళిద్దరూ.

"ఒక్కటే మాట" అంది డాక్టరమ్మ. "ఎవరికి దెబ్బ తగిలినా దాచకూడదు. ఒకరు బండి నడపలేకపోతే అందరం వెనక్కి తిరుగుతాం. అర్థమైందా?"

అల్లుళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తన వల్ల అయిదుగురూ వెనక్కి తిరిగితే ఆ కథ మామగారింట్లో ఎన్నేళ్ళు వడ్డనకి వస్తుందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

మొదటి రోజు పెద్దల్లుడు ఏడుసార్లు పడ్డాడు. గులకరాళ్ళ మీద రెండు, బురదలో మూడు, కారణం తెలియకుండా ఒకటి, ఆగి ఉన్న బండి మీంచి ఒకటి. పడ్డప్పుడల్లా వెనక నుంచి "నాలుగు అన్నయ్యగారూ", "అయిదు అన్నయ్యగారూ" అని వినపడేది. లేపడానికి చెయ్యి మాత్రం అందేది కాదు.

రెండో రోజు పొద్దున ఒక వాగు అడ్డం వచ్చింది. ముందు ముగ్గురూ దాటి గట్టెక్కి మలుపు తిరిగిపోయారు. పెద్దల్లుడు కూడా దాటాడు. ఎలా దాటాడో ఆయనకీ తెలీదు. అవతల గట్టు మీద బండి ఆపి, నీళ్ళు చింది మసకబారిన కళ్ళజోడు తీసి పక్కనున్న బండరాయి మీద పెట్టి, తుడవడానికి పొడిగుడ్డ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు.

సరిగ్గా అప్పుడే చిన్నల్లుడు బండిని వాగులోకి దూకించాడు. అన్నయ్యగారు చూస్తున్నాడు కదా అని కాస్త జోరుగానే దూకించాడు. ముందు చక్రం నున్నటి రాయి మీద జారింది. బండి గట్టెక్కి, అడ్డంగా తిరిగి, మనిషిని ఒక పక్కకి విసిరి, తను నేరుగా వచ్చి ఆ బండరాయిని ఢీకొట్టి పడిపోయింది.

పెద్దల్లుడు చప్పుడు వచ్చిన వైపు తిరిగాడు.

"తమ్ముడూ, బతికున్నావా?"

"ఉన్నా అన్నయ్యగారూ. చెయ్యే... మణికట్టు... అమ్మా!"

"నా కళ్ళజోడేది?"

చిన్నల్లుడు లేచి కూర్చుని బండి కింద చూశాడు. "ఫ్రేము ఇక్కడుంది" అన్నాడు. తర్వాత, కొంచెం మెల్లిగా, "ఇంకో ముక్క అక్కడుంది" అన్నాడు.

పెద్దల్లుడు గాభరా పడలేదు. ఇరవై ఏళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ 'ప్రయాణాల్లో రెండో జత దగ్గరుంచుకోండి' అని చెప్పే మనిషి. సంచి అడుగు నుంచి డబ్బా తీసి, దర్జాగా తెరిచి, జోడు పెట్టుకున్నాడు. పెట్టుకోగానే కొండలన్నీ ఉబ్బి మీదికొచ్చాయి. చేత్తో తడిమి చూసుకుంటే అది ఒక రిటైరైన హెడ్‌మాస్టరు గారు పేపరు చదువుకోడానికి చేయించుకున్న జోడు. బయల్దేరే హడావుడిలో కౌంటరు మీంచి ఆ డబ్బా తీసుకొచ్చేశాడు. పాపం ఆ హెడ్‌మాస్టరు గారు అక్కడ ఇంకెవరి జోడు పెట్టుకుని పేపరు పట్టుకున్నారో.

"ఎంతవరకు కనపడుతుంది?" అడిగాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు అరచెయ్యి ముక్కుకి ఆనించి, కాస్త దూరం జరిపి ఆపాడు. "ఇంతవరకు."

చిన్నల్లుడి కుడి మణికట్టు అప్పటికే వాచిపోయింది. బండి క్లచ్చు పిడి విరిగిపోయింది. పైనుంచి డాక్టరమ్మ హారను కొడుతోంది.

"చెప్పేద్దామా?" అన్నాడు పెద్దల్లుడు.

"ఏమని? మీకు కనపడదనా, నాకు చెయ్యి లేదనా?"

మామగారు, కంచం, అత్తగారి ప్రేమ, అన్నీ ఇద్దరి కళ్ళ ముందూ తిరిగాయి.

"నీ చెయ్యి సంగతి నేను చెప్పను" అన్నాడు పెద్దల్లుడు.

"మీ కళ్ళ సంగతి నేను చెప్పను" అన్నాడు చిన్నల్లుడు.

పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

ఒప్పందం ఇలా కుదిరింది. బండి పెద్దాయన నడపాలి, దారి చిన్నవాడు చూడాలి. ఎడమ భుజం తడితే ఎడమకి, కుడి భుజం తడితే కుడికి. ఏమీ తట్టకపోతే తిన్నగా. హెల్మెట్ మీద కొడితే ఆపాలి. ఎవరికీ అనుమానం రాకుండా హెడ్‌మాస్టరు గారి జోడు ముక్కు చివర వేలాడుతుండాలి.

డాక్టరమ్మకి చెప్పింది సగం నిజమే. బండి చెడిపోయింది, గొర్రెల కాపరి రాతి గుడిసెలో పెట్టేశాం అన్నారు.

"అయితే నువ్వు మాస్టారి వెనక ఎక్కు. ఆయన తేలిగ్గా ఉంటారు" అంది ఆవిడ.

"వద్దండీ, నేను మా అన్నయ్యగారి వెనకే."

బేకరీ ఆయన నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. నిన్నంతా ఒకరి నీడ ఒకరు తొక్కకుండా తిరిగిన మనుషులు వీళ్ళేనా అన్నట్టు చూశాడు.

ఆ రోజంతా కొండ దారిలో ఆఖరి బండి మీద సాగిన సంభాషణ ఇది:

"ఎడమకి. ఇంకొంచెం. చాలు. చాలన్నానా!"

"తట్టమన్నాను గానీ గుద్దమన్నానా?"

"రాయి... రాయి వస్తోంది... వచ్చింది."

"ముందు చెప్పవేం?"

"వస్తోందని చెప్పానుగా! ఇప్పుడు పైకి. లెవెల్. కిందికి. మెల్లిగా కిందికి."

"ఇది లిఫ్టు కాదు తమ్ముడూ!"

"లిఫ్టయితే నా మాట వినేది."

హెల్మెట్ మీద కొట్టే పని చిన్నల్లుడికి బాగా నచ్చింది. అవసరమైన చోట కొట్టాడు, అవసరం లేని చోట రెండు మూడుసార్లు కొట్టాడు. అయినా ఆ రోజు పెద్దల్లుడు పడింది రెండుసార్లే. కారణం సులువు. నిన్న ప్రతి రాయినీ చూసి భయపడి బిగుసుకుపోయి పడ్డాడు. ఇవాళ చూడ్డానికేమీ లేదు, భయపడ్డానికీ ఏమీ లేదు.

సాయంత్రం బస చేసిన చోట కష్టాలు వేరే. టీ గ్లాసు అనుకుని మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారిని "డాక్టరమ్మా, రేపు దారెలా ఉంటుంది?" అని అడిగాడు. మాస్టారు నొచ్చుకుని మీసం తడుముకున్నారు. చిన్నల్లుడు కుడి చెయ్యి జేబులోంచి తియ్యకుండా ఎడం చేత్తో రొట్టె తింటూ, పక్కనుంచి "గ్లాసు మీ మోకాలి దగ్గర... అది కాదు, అది బూటు" అని గుసగుసగా చెబుతూనే ఉన్నాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ఇద్దరూ ఏవో కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టుంది.

మూడో రోజు మధ్యాహ్నం అసలు చోటు వచ్చింది.

కొండ పక్కని గోడలా చెక్కిన దారి. అది దాటితే అవతల పదిహేను ఇళ్ళ పల్లె. డాక్టరమ్మ ఎన్నోసార్లు దాటిన దారే. కానీ మొన్నటి వానలకి అంచు కొరుక్కుపోయి సన్నబడింది. ఎడం పక్క రాతిగోడ, కుడి పక్క ఏమీ లేదు. ఎంత లేదంటే, కింద ఎగురుతున్న గద్ద వీపు కనపడుతోంది. మాస్టారు అంచు దగ్గర బోర్లా పడుకుని జానలతో కొలిచి, "నాలుగు జానలు. బండి చక్రం తీసేస్తే మిగిలేది..." అని మిగిలేది చెప్పకుండానే లేచిపోయారు. బేకరీ ఆయన ఒక రాయి మీద కూర్చుని నీళ్ళడిగాడు.

"లాభం లేదు, వెనక్కి పోదాం" అని డాక్టరమ్మ అంటుండగా ఆఖరి బండి మలుపు తిరిగింది.

ముగ్గురూ చేతులు ఊపి "ఆగండి!" అని అరిచారు.

పెద్దల్లుడికి మూడు రంగు మరకలు ఊగుతూ కనిపించాయి. హెల్మెట్‌లో గాలి హోరుకి మాట వినపడలేదు. రమ్మంటున్నారు కాబోలు, మన కోసం పక్కకి తప్పుకున్నారు కూడాను, అనుకున్నాడు. ఉత్సాహంగా చెయ్యెత్తి పలకరించి, కాస్త ఎక్కువే ఎక్సలేటరు తిప్పాడు.

చిన్నల్లుడు హెల్మెట్ మీద కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండగా కుడి పక్కకి చూశాడు. లిఫ్టు గొయ్యి ఎంత లోతైనా నాలుగు పక్కలా గోడలుంటాయి. ఇక్కడ ఒకటే గోడ ఉంది, మిగతా మూడు వైపులా ఆకాశం. ఆ ఎత్తిన చెయ్యీ, వాచిన చెయ్యీ కలిపి అన్నయ్యగారి నడుం గట్టిగా కావలించుకుని, కళ్ళు రెండూ మూసేసుకున్నాడు.

భుజం మీద దెబ్బ లేదు. అంటే తిన్నగా. పెద్దల్లుడు తిన్నగా పోనిచ్చాడు. ఎడం పక్క బూడిద రంగు, కుడి పక్క చల్లటి నీలం. మధ్యలో గోధుమరంగు చార. చార మీద ఉంటే చాలు. రెండొందల అడుగుల దూరం ఆ బండి మీద ఉన్న నాలుగు కళ్ళలో ఒక్కటీ పనిచెయ్యలేదు. చివరికి ఏదో పొద మెత్తగా తగిలి బండి ఆగింది.

"దిగు తమ్ముడూ. నడుం వదులు. ఊపిరాడట్లేదు."

చిన్నల్లుడు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదియ్యాల్సొచ్చింది. దిగి, నాలుగడుగులు వేసి, ఒక చెట్టుని కావలించుకున్నాడు.

"దారి బాగుందోయ్. కుడి పక్కన ఆ చెరువు ఎంత పెద్దది!"

"చెరువా?" చిన్నల్లుడి గొంతు పీలగా వచ్చింది. "అన్నయ్యగారూ, అది చెరువు కాదు. అదేమీ కాదు. అక్కడేమీ లేదు."

పెద్దల్లుడికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక ఆయనా వెళ్ళి అదే చెట్టుకి రెండో పక్కన పట్టుకున్నాడు.

"నువ్వు చూస్తున్నావనుకున్నాను" అన్నాడు.

"కళ్ళు మూసుకున్నాను."

"మరి నన్ను ఎవరు చూశారు?"

ఇద్దరూ చెట్టుని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

వాళ్ళిద్దరూ దాటారు కదా, మనం దాటకపోతే ఎలా అని మిగతా ముగ్గురూ బళ్ళు తోసుకుంటూ, గోడకి అంటుకుపోయి, గంటకి పైగా పట్టించి ఇవతలికొచ్చారు. మాస్టారి మొహం సుద్దముక్కలా ఉంది. బేకరీ ఆయన వస్తూనే పెద్దల్లుడి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఏం గుండె అండీ మీది! వెనక మనిషిని పెట్టుకుని! పైగా చెయ్యి ఊపుతూ!"

"అబ్బే, అంతేం లేదు" అన్నాడు పెద్దల్లుడు. చెప్పింది పచ్చి నిజమే. దాన్ని అందరూ వినయం అనుకున్నారు.

పల్లెలో ఆ సాయంత్రం ఆయనకి మెత్తటి చోట పక్క వేశారు, మొదటి టీ గ్లాసు ఆయనకే ఇచ్చారు. అలా ఎవరూ ఎప్పుడూ చూడలేదు ఆయన్ని. షాపులో జనం ఆయన ఎదురుగా కూర్చుని గోడ మీది అక్షరాలనే చూస్తారు, ఆయన్ని కాదు. ఆ పొగడ్త ఒంటికి వెచ్చటి నీళ్ళలా తగిలింది. కాసేపటికి తనకి నిజంగానే గుండె ఉందేమోననిపించడం మొదలైంది.

పొద్దున డాక్టరమ్మ అందరినీ పిలిచింది. "తిరుగు దారి కూడా అదే. నేనూ రాత్రంతా ఆలోచించాను. మేం నడిచి దాటతాం. నాలుగు బళ్ళూ ఒక్కొక్కటిగా మీరే దాటించండి. ఆ పని మీ ఒక్కరి వల్లే అవుతుంది."

పెద్దల్లుడు నోరు తెరిచాడు. కాదనాలనే తెరిచాడు. కానీ ముగ్గురూ ఎంత నమ్మకంగా చూస్తున్నారో మొహాలు కనపడకపోయినా తెలుస్తోంది. నోట్లోంచి "అలాగే" అని వచ్చేసింది. వెళ్ళి బండి అనుకుని పక్కనున్న కట్టెల మోపు మీద చెయ్యి వేశాడు. తర్వాత బండి దొరికింది. ఎక్కి కూర్చున్నాడు.

చిన్నల్లుడు వచ్చి ముందు చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకో తమ్ముడూ."

"తప్పుకోను." అందరి వైపూ తిరిగి, జేబులోంచి కుడి చెయ్యి తీసి చూపించాడు. అది చెయ్యిలా లేదు, బేకరీ ఆయన బన్నులా ఉంది. "నాకు రెండు రోజులుగా చెయ్యి పనిచెయ్యట్లేదు. దాచాను. ఎత్తంటే నాకు భయం కూడా. నిన్న కళ్ళు మూసుకున్నాను. ఆ దారిన నేను నడిచి కూడా రాలేను. నా వల్లే అందరూ ఆగిపోతున్నారని మా మావగారికి చెప్పుకోండి, ఫర్వాలేదు."

కళ్ళజోడు మాట ఒక్క ముక్క కూడా ఎత్తలేదు.

పరువంతా తన తల మీదేసుకుని పారేసుకుంటున్నాడు చిన్నవాడు, తను ఆ కొండంచుకి పోకుండా ఉండడానికి. పదకొండేళ్ళుగా ఈ మనిషినే తను ఫ్రిజ్ ఎత్తుతో కొలిచింది, అనుకున్నాడు పెద్దల్లుడు.

బండి దిగాడు. "వాడి తప్పేం లేదు. నాకు కనపడదు" అన్నాడు. "వాగు దగ్గర నా కళ్ళజోడు పోయింది, ఇది ఇంకొకరిది. నిన్న నాకు లోయ కనపడలేదు. చెరువనుకున్నాను."

డాక్టరమ్మ ఎదురుగా వచ్చి చెయ్యెత్తింది. "ఎన్ని వేళ్ళు?"

"చెయ్యెక్కడుంది?"

ఇక ఆవిడ మొదలుపెట్టింది. "గొడ్డుకైనా కాలు విరిగితే పడుకుంటుంది, ఎద్దుకైనా కళ్ళు పోతే ఆగిపోతుంది! మీ ఇద్దరినీ నమ్మి మేం దాటామయ్యా నిన్న! మాలో ఒకరు జారిపోయి ఉంటే ఏం చెప్పేదాన్ని ఇంట్లోవాళ్ళకి?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. అంతకు ముందు ఆ సంగతి వాళ్ళకి తట్టనే లేదు. పెద్దల్లుడు "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. ఈసారి దాన్ని ఎవరూ వినయం అనుకోలేదు.

ఆవిడ తిడుతూనే చిన్నల్లుడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, దూడలకి కట్టే వెడల్పాటి గుడ్డతో కట్టు కట్టింది. కట్టు మోచెయ్యి దాటి భుజం దాకా పోయింది. "కదిలావో, బాగా పొడుగు సూది ఉంది నా దగ్గర" అంది.

"మరి ఆ దారి ఎవరు దాటిస్తారు?" అని అడిగాడు బేకరీ ఆయన చివరికి.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నిజం చెప్పాలంటే నిన్నటి నుంచీ నాకు అన్నం సయించట్లేదు."

"నాకూనండీ!" అన్నాడు బేకరీ ఆయన ప్రాణం లేచొచ్చినట్టు. "వీళ్ళని చూసి సిగ్గుపడి దాటానంతే. ఇంకోసారి దాటమంటే ఈ ఊళ్ళోనే రొట్టెలు కాల్చుకు బతుకుతా."

డాక్టరమ్మ అందరినీ ఒకసారి చూసి, చున్నీ బిగించుకుంటూ, "నాకు మాత్రం సరదానా?" అంది.

పల్లెవాళ్ళని అడిగితే తేలిందేమిటంటే, అవతల వైపు నుంచి ఈ మధ్యే కొత్తగా ఒక లారీ దారి వేశారు, బంగాళాదుంపల లారీ ఆ రోజే దిగుతుంది, చుట్టూ తిరిగి మర్నాటికి ఊరు చేరుస్తుంది. ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు అడగలేదుగా, పైగా సరదాకి వచ్చామన్నారు" అన్నాడు ఒక ముసలాయన.

గుడిసెలో ఉన్న అయిదో బండి సంగతి తర్వాత చూసుకుందామని, నాలుగు బళ్ళూ బస్తాల మీద పడుకోబెట్టి తాళ్ళతో కట్టారు. ఆ ముళ్ళు వేయించింది చిన్నల్లుడే, ఎడం చేత్తో చూపిస్తూ. వాటి పక్కన ముగ్గురూ సర్దుకున్నారు. గాయపడ్డవాళ్ళని అల్లుళ్ళిద్దరినీ డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు.

రెండు మలుపులు దిగేసరికి ఫోన్లకి ప్రాణం వచ్చి, రెండూ ఒకేసారి మోగాయి.

"ఏవండీ, ఎలా ఉన్నారు? మా చెల్లెలి మొగుడు మిమ్మల్ని ఏమన్నా అన్నాడా?" పెద్దల్లుడి భార్య.

"వాడేమంటాడే! వాడు లేకపోతే నేను లేను."

"ఏవండీ, జ్వరమేమన్నా ఉందా?"

పక్కనుంచి చిన్నల్లుడు తన ఫోన్లో, "కాదే, నిజంగానే అంటున్నా, మీ బావగారు చాలా మంచివాడు... తాగలేదే! ఇక్కడ టీ తప్ప ఏమీ దొరకదు!" అంటున్నాడు. ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు. అక్కచెల్లెళ్ళు ఇప్పుడు ఒకరికొకరు ఫోన్ చేసుకుని ఏమనుకుంటున్నారో తల్చుకుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది.

లారీ ఇంకో మలుపు తిరిగింది. గాలి మారింది, ఏదో తడి వాసన కొట్టింది. నాలుగు రోజుల్లో తను ఈ కొండల్ని చూసింది మొదటి రోజు ఒక్కటే, అది కూడా పడుతూ లేస్తూ, అనుకున్నాడు పెద్దల్లుడు.

"బయట ఏముంది తమ్ముడూ?"

చిన్నల్లుడు కిటికీ వైపు కూర్చున్నాడు. కింద లోయ అలాగే ఉంది. ఒక చేత్తో సీటు గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేదు.

"కొండ" అన్నాడు.

"ఊఁ."

"దాని వెనక ఇంకో కొండ."

"అంతేనా?"

"ఆగండి, చెబుతున్నాగా. ఆ వెనక కొండ మీద పొద్దున పొగ పెట్టినట్టు తెల్లగా మబ్బుంది. దాని కింద పచ్చగా మెట్లు మెట్లుగా ఏవో మళ్ళున్నాయి. మధ్యలో ఒక ఇల్లు. మిద్దె మీద ఎవరో ఎర్ర దుప్పటి ఆరేస్తున్నారు."

"ఆడమనిషా, మగమనిషా?"

చిన్నల్లుడు అద్దం దింపి, మెడ సాచి, బయటికి వంగి మరీ చూశాడు.

"మగమనిషే అన్నయ్యగారూ" అన్నాడు. "సరిగ్గా పిండలేదు. నీళ్ళు కారుతున్నాయి."